బాంచెన్ అన్నోళ్లే లేచి నిలబడ్డరు. సోమ మింగినోళ్లు నిలబడతరా?

నల్లగొండ పాఠకుడు:
అల్డస్ హక్స్‌లీ 1932ల తెచ్చిన 'బ్రేవ్ న్యూ వరల్డ్' మొన్ననే చదివిన. ఆ లోకంల పిల్లలు తల్లి కడుపుల గాదు, సీసాలల్ల పెరుగుతరు. ఒక్క అండం నుంచి 96 మంది దాకా తీస్తరు. మీద ఆల్ఫా నుంచి కింద ఎప్సిలాన్ దాకా మనుషులవి అయిదు అంతస్తులు. ఎనిమిది నెలల డెల్టా పసికూనల ముందర పుస్తకాలు, పూలు పెడతరు. అవి పాకుకుంట పోయి ముట్టుకోంగనే సైరన్ మోగిస్తరు, కరెంటు షాక్ ఇస్తరు. ఇగ జన్మల పుస్తకం జోలికి పోరు. పెద్దగయినంక మనసు కలత పడితే మత్తుల హాయిగ ఉంచే 'సోమ' అనే గోలీ ఉండనే ఉన్నది. నేననేది ఏందంటే, ఇట్ల పెంచిన మనిషి ఎన్నటికీ తిరగబడడు. కొట్టి లొంగదీస్తే లోపల పగ మిగులుతది. సుఖపెట్టి లొంగదీస్తే అది కూడ మిగలదు. కాదంటరా?

సూర్యాపేట:
కాదంటనన్నా. నల్లగొండల ఉండి ఆ మాట ఎట్లంటవు? తరతరాలు 'నీ బాంచెన్ దొరా, కాల్మొక్త' అన్నోళ్లు మనోళ్లే. గడి ముందర చెప్పులు చేతుల పట్టుకొని నడిచినోళ్లు. అయ్య వంగుడు చూసి పోరడు వంగుడు నేర్చిండు, ఏ షాకూ లేకుంటనే. అది కండిషనింగ్, అంటే అలవాటు చేసి మనిషిని మలుచుడు, కాదా? అయినా 1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య తూటాకు ఒరిగినంక ఆ వంగిన నడుములే లేచినయి. అప్పట్ల కడవెండి నల్లగొండ జిల్లనే.

పాలమూరు బిడ్డ:
లేపింది ఆకలి. మా తాతలు మేస్త్రీ ఎంబడి వలస పోయి డ్యాములు కట్టిండ్రు, ఆకలి ఏం చేయిస్తదో మాకు తెలుసు. నవలల ఎవరికీ ఆకలి లేదు. ఆ లోకం బయట తల్లి కడుపున పుట్టి పెరిగిన జాన్ అనేటోడు దవాఖానల సోమ డబ్బాలు కిటికీలకెళ్లి పారేస్తే డెల్టాలు ఆయన మీదికే ఉరికిండ్రు కదా. విడిపిస్త అన్నోడినే కొట్టబోయిండ్రు.

దేవరకొండ టీచర్:
ఆకలొక్కటే చాలదు తమ్మీ. వెట్టి ఉన్నన్నాళ్లూ ఆకలి ఉన్నది, మరి అప్పుడే ఎందుకు లేచిండ్రు? 1944ల భువనగిరిల ఆంధ్ర మహాసభ జరిగినంక సంఘపోళ్లు ఊరూరు తిరిగిండ్రు. గొల్లసుద్దులు, బుర్రకథలు చెప్పిండ్రు. మాట కొత్తది గని బాణీ పాతది, వినేటోళ్ల గుండెల ముందే ఉన్నది. దొర భూమి గుంజుకున్నడు, చాకిరి గుంజుకున్నడు. రాత్రి గుడిసెల తల్లి పాడే జోలను, నాట్లేసేటప్పుడు ఆడోళ్లు కలుపుకునే పాటను గుంజుకోలేకపోయిండు. వాటి మీద ఆయనకు ధ్యాసనే లేకుండె.

హక్స్‌లీ రాజ్యం సరిగ్గ అక్కడనే చెయ్యి పెట్టింది. ఆ లోకంల 'అమ్మ' అంటే బూతుమాట. ఇల్లు లేదు, గతం ముచ్చట లేదు. జోలపాట ఉండాల్సిన తావుల, పిల్లలు నిద్రపోతుంటే దిండు కింద గుసగుసగ పాఠం వినబడతది. ఆల్ఫాలు మనకంటె ఎక్కువ కష్టపడతరు, నేను బీటా అయినందుకు సంతోషం, డెల్టా పిల్లలతోని ఆడ. రోజుకు 120 సార్లు, వారానికి మూడు రోజులు, 30 నెలలు. పుస్తకం మొత్తంల నన్ను వణికించింది షాకులు కాదు, ఆ గుసగుసనే.

నేను ఒక కాలేజీ హాస్టల్‌ల రెండేండ్లు ఉన్న. మార్కులను బట్టి సెక్షన్లు. కడపటి సెక్షన్ల ఉన్న మా రూం పిల్ల 'పై సెక్షనోళ్లకే టెన్షన్, మనమే నయం' అని రోజూ అనేది. నిజంగనే నమ్మి అనేది. ఒక ఆదివారం వాళ్లమ్మ జొన్నరొట్టెలు మూట గట్టుకొచ్చి, 'ఎందుకే ఇట్ల చిక్కిపోయినవ్' అన్నది. ఆ పిల్ల గేటు కాడనే కూలబడి ఏడ్చింది. రెండేండ్లల్ల ఆ మాట ఆమెను అడిగినోళ్లే లేరు.

సూర్యాపేట:
టీచరక్కా, మరి నవలల జాన్ దోస్తు హెల్మ్‌హోల్ట్స్ సంగతేంది? అమ్మ లేదు, ఆకలి లేదు, పైగా ఆల్ఫా. నినాదాలు రాసుడే ఆయన కొలువు. అయినా లోపల ఏదో చెప్పాలని ఉన్నది, దానికి మాట దొరకలేదు. జాన్ మీదికి జనం ఉరికితే ఆయన పక్కన నిలబడి తను కూడ గోలీలు పారేసిండు. సీసాల పెరిగినోడే కదా!

దేవరకొండ టీచర్:
హెల్మ్‌హోల్ట్స్ అంటే నాకూ పానం. కని జాన్ షేక్స్‌పియర్ చదివి వినిపించే తావు యాది చేసుకో. మొదట్ల ఒళ్లు మరిచి విన్నడు. జూలియెట్ 'అమ్మా, నన్ను తోసెయ్యకే' అని బతిమాలే కాడికి వచ్చేసరికి పడి పడి నవ్విండు. కవిత్వం తలకెక్కింది, అమ్మను బతిమాలుడు ఏందో సమజ్ గాలేదు. ఆ గోడ ఆయన కూడ దాటలేదు.

పాలమూరు బిడ్డ:
ఆ నవ్వు చదివినప్పుడు నాకు కోపమొచ్చిందక్కా. ఇప్పుడు ఏడుపొస్తున్నది. మా అమ్మ నాట్ల పాటలు నాకు ఒక్కటి కూడ పూర్తిగ రావు.

నల్లగొండ పాఠకుడు:
ఆ నవ్వు సంగతి నేను మరిచిపోయిన, ఆ అధ్యాయం మళ్ల చదువుత. అమ్మ మాట ఒప్పుకుంటున్న. కని నా మొదటి మాట వదల. హెల్మ్‌హోల్ట్స్ కదిలిండు, ఆయనను దీవికి పంపిండ్రు. గోలీల కోసం లైన్ల నిలబడ్డ డెల్టాలు మళ్ల అదే లైన్లకు పోయిండ్రు. కడవెండిల ఊరు ఊరంతా లేచింది. ఇక్కడ రెండో మనిషి ఎక్కడికెళ్లి వస్తడో చెప్పుండ్రి.