సమస్యాపూరణం: "కరుణ లేని కాంత కరుణ జూపె"

గవర్నరుపేట మాస్టారు: ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం నాది, మొదటి మూడూ మీవి. ఫ్రెంచి కవి అలాన్ షార్టియే 1424లో 'కరుణ లేని సుందరి' అని ఒక కావ్యం రాశాడు. ఇంగ్లీషు కవి కీట్స్ 1819లో ఆ పేరు పట్టుకుని తన పాట తాను కట్టుకున్నాడు. ఆ పేరునే నేను పాదంలో ఇరికించాను. షరతు ఒక్కటే. 'చివరికి మనసు మార్చుకుంది' అని రాస్తే ఒప్పుకోను. అది సమస్యని పూరించడం కాదు, పక్కనుంచి జారుకోవడం.

ఏలూరు రోడ్డు: కీట్స్‌తోనే మొదలెడతాను మాస్టారూ.

తేనె పెట్టి పాడె తియ్యగా నిదురించ
కలను పాలిపోయి కానుపించ
రాజులెల్ల, రౌతు ప్రాణాలతో లేచె
కరుణ లేని కాంత కరుణ జూపె

అరండల్‌పేట: 'రౌతు' తర్వాత 'ప్రా' వచ్చింది. 'తు' గురువైపోయి గణం చెడలేదా?

గవర్నరుపేట మాస్టారు: చెడలేదమ్మా. 'రౌతు' తెలుగు మాట, 'ప్రాణాల'తో సమాసం కాలేదు, కాబట్టి 'తు' లఘువే. యతి కూడా 'ప్రా'లోని రేఫతో కుదిరింది. నాకు నచ్చింది వేరే సంగతి. ఆ పాటలో రౌతుకి పాలిపోయిన రాజులు కలలో కనబడి, నువ్వూ చిక్కావు అంటారు. మెలకువ వచ్చేసరికి చలిలో కొండ పక్కన ఒంటరిగా ఉంటాడు. ప్రాణం మిగిలిందిగా, అదే కరుణ అన్నారు మీరు. బీమా ఏజెంటు లెక్కలా ఉంది కానీ, పూరణ నిలబడుతుంది.

అరండల్‌పేట: అసలు ఆమెకి కరుణ లేదని చెప్పిందెవరండీ? కలలో రాజులు. ఆ కల చెప్పింది రౌతు. గుహలో ఏడ్చి నిట్టూర్చింది ఆమె అని కూడా ఆ రౌతే చెబుతాడు, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. షార్టియే కావ్యంలో ఆవిడ చేసిన నేరం ఇంకా చిన్నది. వద్దంది. కళ్లున్నవి చూడ్డానికే అంది. అంతకే ఐదారు వందల ఏళ్లుగా ఆ పేరు మోస్తోంది! మన పెద్దన దగ్గరైతే వరూధినే ప్రవరుణ్ణి 'కృపారహితాత్మక' అంటుంది. ఎవరు కాదంటే వాళ్లకే ఆ బిరుదు.
ఇక నా పూరణ. చిత్రకారుడు వాటర్‌హౌస్ 1893లో ఇదే కీట్స్ పాటకి వేసిన బొమ్మ మీద:

కురుల తోడ మెడను జుట్టి లాగిన గాని
పటము లోన నామె పైకి చూచె
వేటకత్తె కంట వేడ్కోలు కనిపించె
కరుణ లేని కాంత కరుణ జూపె

గవర్నరుపేట మాస్టారు: మూడో పాదం చదివి కాసేపు ఫోను పక్కన పెట్టాను. కానీ మొదటి పాదంలో యతి పోయింది. 'కు'కి 'జు'తో మైత్రి లేదు.

అరండల్‌పేట: అయ్యో, టెన్షన్‌లో చూసుకోలేదు. 'కురుల తోడ మెడకు గూర్చె నుచ్చును గాని' అంటే?

గవర్నరుపేట మాస్టారు: కు, గూ సరిపోయాయి. 'ఉచ్చు' రావడంతో కింది 'వేటకత్తె'కి దారి కూడా పడింది. తప్పు దిద్దితే పద్యం బాగుపడటం రోజూ జరగదు.

కృష్ణలంక కుర్రాడు: నాది సరదా పూరణ. తిట్టొద్దు.

పెండ్లి చూపులందు పిల్లేది యన్నారు
గదిని వెతికి చూడ గానరాదు
మేడ మీద నుండి మెల్లగా దింపుచు
కరుణ లేని కాంత కరుణ జూపె

గవర్నరుపేట మాస్టారు: నవ్వించావు తమ్ముడూ. కరుణ పెళ్లికూతురు, చూపించింది వాళ్లమ్మ, బాగుంది. మరి 'లేని' మాటేమిటి? ఏది లేని? అది గాలిలో వేలాడుతోంది. విరుపు పెట్టాక ప్రతి ముక్కకీ పని ఉండాలి.

ఏటిగట్టు: ఆలస్యమైంది, బ్యారేజీ మీద ట్రాఫిక్. బిల్వమంగళుడి కథ తీసుకున్నాను.

శవము పట్టి యేరు సాహసమున దాట
నింత వలపు హరికి నిచ్చి చూడు
మనుచు గసిరి కొట్టె, మాటతో గురువయ్యె
కరుణ లేని కాంత కరుణ జూపె

వానలో, వరదలో శవాన్ని దుంగ అనుకుని పట్టుకుని వచ్చాడు. తలుపు తీసి, అతను వలచిన వేశ్య చింతామణి అన్నది ఆ ఒక్క మాటే. అతనే లీలాశుకుడయ్యాడంటారు. లీలాశుకుడు రాసిన శ్రీకృష్ణకర్ణామృతంలో మొదటి మాట 'చింతామణి'. మా నాన్నతో 'చింతామణి' నాటకానికి వెళ్లినప్పుడు సుబ్బిశెట్టి హాస్యవేషం అయిపోగానే సగం జనం చాపలు చుట్టేసేవాళ్లు. ఈ ఘట్టం చూసింది మిగిలిన మేమే.

గవర్నరుపేట మాస్టారు: ఈ వారానికి ఇదే. ఆవిడ మనసు మార్చుకోలేదు, మెత్తబడలేదు. కసిరిందే కరుణ. సమస్యలో ఉన్న రెండు కరుణలూ ఒకే మాటలో దొరికాయి. 'ఇంత వలపు హరికి నిచ్చి చూడు' అన్న పాదం మా ఇంట్లో పైకి చదివితే వంటింట్లోంచి 'ఎవరు రాశారండీ' అని అడిగారు.

కృష్ణలంక కుర్రాడు: మాస్టారూ, 'లేని'కి పని దొరికింది. మా సందు చివర ఇడ్లీబండి దగ్గర నిలబడితే తట్టింది.

ఆకలన్న వాని కాఖరి యిడ్డెన్లు
పళ్లెమందు పెట్టి, పైక మడుగ
కుండ, నీళ్లు పోసి కూర్చుండ బెట్టెను
కరుణ, లేని కాంత, కరుణ జూపె

కరుణ ఆవిడ పేరు. లేని కాంత అంటే లేనివాళ్లమ్మాయి. ఇప్పుడు గాలిలో ఏమైనా వేలాడుతోందా?

గవర్నరుపేట మాస్టారు: లేదు. ఆ బండి ఏ సందులోనో చెప్పు.