హై వలిరియన్‌లో ఈ అయోరిస్ట్ అనే కాలం తెలుగులో ఎట్లా అర్థం చేసుకోవాలి?

పాకాల_పిల్లోడు:
అందరికీ నమస్తే. నేను తిరుపతిలో డిగ్రీ చదువుతా ఉండాను, రోజూ పాకాల నుంచి బస్సులో పోయి వచ్చే టైమ్‌లో డుయోలింగోలో హై వలిరియన్ నేర్చుకుంటా ఉండాను, అదే గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో డ్రాగన్ల రాణి మాట్లాడే భాష. నాలుగు లింగాలు (చంద్ర, సూర్య, భూమి, జల) కష్టపడి బట్టీ పట్టేసినా, విభక్తులు కూడా కొంచెం పట్టు దొరికింది, కానీ క్రియ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయినా. సేవ చేయడం అనే దానికి "దొహైరన్" అన్నా ఇంగ్లీషులో "ఐ సర్వ్" అనే వస్తుంది, "దొహైరిన్" అన్నా అదే వస్తుంది, మొదటిది ప్రెజెంట్ అంట రెండోది అయోరిస్ట్ అంట, తేడా ఏంటో ఎంత చదివినా ఎక్కలేదు. ఇంకోటి, "వలార్ మొర్ఘూలిస్" అంటే "ఆల్ మెన్ మస్ట్ డై" అంటారు కదా, అందులో ఆ "మస్ట్" ఏ ముక్కలో ఉంది? నిజంగా నేర్చుకోవాలని ఉంది, ఎవరైనా తెలుగులో చెప్పండి అన్నా, అక్కా.

చిత్తూరు_తెలుగు_టీచర్:
నాయనా, నేను చిత్తూరు పక్కన హైస్కూల్లో తెలుగు చెప్తాను, మా అబ్బాయి ఈ సీరియల్ చూస్తా ఉంటే నేనూ ఆ భాష దగ్గర ఆగిపోయినదాన్నే. నీ చిక్కంతా ఇంగ్లీషు మీదుగా పోతా ఉండడం వల్లే. తొమ్మిదో పదో క్లాసులో తద్ధర్మార్థక వాక్యాలు అని చదివుంటావు, గుర్తు తెచ్చుకో. "నిప్పు కాలుతుంది", "పక్షి ఎగురుతుంది", "సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు". ఇవి ఇప్పుడు జరుగుతా ఉండేవి కాదు, రేపు జరగబోయేవీ కాదు, ఆ వస్తువు స్వభావమే అది. నీ అయోరిస్ట్ ఇదే! చిన్నయ సూరి 1858లోనే బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మాన్ని వేరుగా నిలబెట్టినాడు, అంటే నువ్వు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, పేరు మార్చుకుంటే చాలు.

ఇప్పుడు మొర్ఘూలిస్ చూడు. అది తద్ధర్మ రూపం. "మనిషన్నాక చస్తాడు" అన్నట్టు. "మస్ట్" అనేది ఏ ముక్కలోనూ లేదు, చావు మనిషి ధర్మం అని ఆ కాలమే చెప్తా ఉంది, ఇంగ్లీషులో ఆ బరువు తెలిసేట్టు "మస్ట్" తగిలించినారు. మనం "పుట్టినవాడు గిట్టక మానడు" అంటామే, అందులో "మానడు"కి ఏ కాలమో చెప్పు చూద్దాం! చెప్పలేవు, అన్ని కాలాలకీ అదే.

ఒక్క జాగ్రత్త మాత్రం. మన వాడుకలో "నేను శనివారం కొండకి పోతాను" అంటే ప్రతి శనివారం అని కూడా అర్థం, వచ్చే శనివారం అని కూడా అర్థం, రెండిటికీ ఒకే రూపం. గ్రాంథికంలో అయితే "చదువును" వేరు, "చదువగలడు" వేరు. వలిరియన్‌లో కూడా అట్లే, భవిష్యత్తు వేరే రూపం. కాబట్టి "పోతాను" అని తోచిన చోట పక్కన "రేపు" పెట్టి ఒకసారి, "ఎప్పుడూ" పెట్టి ఒకసారి చదువుకో, ఏది అతికితే ఆ కాలం. "పోతా ఉండాను" అని తోస్తే మాత్రం ఆలోచనే వద్దు, ప్రెజెంట్.

బోర్డర్_కుర్రోడు:
టీచరమ్మ చెప్పింది భలే ఉంది. మా ఇంట్లో తమిళం, బయట తెలుగు, అందుకని నాకు ఇంకో రకంగా ఎక్కింది, తమిళంలో సూర్యుడు తూర్పున "ఉదిక్కుం" అంటారు, అది కూడా అటు స్వభావానికీ ఇటు రాబోయేదానికీ వాడే రూపమే. అంటే మన రెండు భాషలోళ్ళూ తప్పు చేసేది ఒకే చోట బా, ఫ్యూచర్‌కీ అయోరిస్ట్‌కీ మధ్య. ఇంకో విషయం, వాక్యం చివర్లో క్రియ వచ్చేది మనకి మాదిరే కాబట్టి ఇంగ్లీషు ఆర్డర్ తలకాయలోంచి తీసేయ్, తెలుగులో అనుకుని పదానికి పదం మార్చుకుంటా పో, చాలా మటుకు సరిపోతుంది. మన బాహుబలి సినిమా కోసం తమిళ పాటల రచయిత మదన్ కార్కీ చేసిన కిలికి భాష కూడా ఒకసారి చూడు, మిన్ అంటే నేను, నిమ్ అంటే నువ్వు, తిప్పి పెట్టినాడంతే. ఒక మనిషి కూర్చుని భాష ఎట్లా కడతాడో అందులో తొందరగా తెలుస్తుంది.

పాకాల_పిల్లోడు:
టీచరమ్మా మీకు దండాలు, రాత్రి అదే లెసన్ మళ్ళీ చేసినా, "ఇప్పుడు, ఎప్పుడూ, రేపు" మూడూ పెట్టి చూసుకుంటా పోతే రెండే తప్పులు వచ్చినాయి, ఆ రెండూ మీరు చెప్పిన చోటే, ఫ్యూచర్ పెట్టాల్సిన దగ్గర అయోరిస్ట్ పెట్టినా. ఇంకొక్క డౌట్, వలార్ అంటే మనుషులందరూ కదా, మరి క్రియ ఏకవచనంలో ఎందుకుంది?

చిత్తూరు_తెలుగు_టీచర్:
గంగమ్మ జాతరకి "ఊరంతా వచ్చింది" అంటావా, "ఊరంతా వచ్చినారు" అంటావా? రెండూ అంటాం, కానీ మొదటి దాంట్లో ఊరిని ఒకే ముద్దగా చూస్తా ఉండావు. "వలి" అంటే మనుషులు, "వలార్" అంటే మనుషుల జాతి మొత్తం ఒక్క ముద్ద, అందుకే క్రియ ఏకవచనం. ఆ భాషలో కొన్నిటికి, అంటే నాలుగైదు ఉండేవాటికి, ఇంకో వచనం కూడా వేరేగా ఉంది, అది వచ్చినప్పుడు చెప్పు, కూర్చుని చూద్దాం.