బల్లి భయం పోవాలంటే దాని ఎదురుగా నిలబడాల్సిందేనా? బయటపడినవాళ్లు చెప్పండి

లావణ్య, వేళచ్చేరి:

మాది నెల్లూరు. పెళ్లయ్యాక చెన్నైలో వేళచ్చేరిలో ఉంటున్నాం. నాకు చిన్నప్పటి నుంచి బల్లి అంటే విపరీతమైన భయం. గోడ మీద కనిపిస్తే చాలు, గుండె దడదడలాడుతుంది, అరచేతులకు చెమటలు పడతాయి, ఆ గదిలోంచి బయటికి వచ్చేస్తాను. మాది గ్రౌండ్ ఫ్లోర్. ట్యూబ్‌లైట్ దగ్గర పురుగులు ముసిరితే బల్లులు కూడా వచ్చేస్తాయి. రాత్రిపూట వంటింట్లోకి వెళ్లాలంటే ముందు తలుపు గట్టిగా కొట్టి, లైటు వేసి, కాసేపు ఆగి వెళ్తాను. బాత్రూమ్‌కీ అంతే.

ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను. ఇప్పుడు మా బాబుకి నాలుగేళ్లు. మొన్నటిదాకా బల్లి కనిపిస్తే వేలుపెట్టి చూపించి నవ్వేవాడు. ఈమధ్య నాలాగే కేకపెట్టి నా వెనక దాక్కుంటున్నాడు. అది చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మా ఆయనేమో ఒక బల్లిని పట్టుకొచ్చి చేతిలో పెడితే ఒక్క దెబ్బతో భయం పోతుందంటున్నారు. నిజంగా పోతుందా? దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాజశేఖర్, అంబత్తూరు:

మన ఇళ్లలో తిరిగే బల్లికి విషం లేదమ్మా. బల్లులు రాకూడదని మా ఇంట్లో గోడకు నెమలీకలు పెట్టాం, కిటికీల దగ్గర గుడ్డు పెంకులు పెట్టాం. ఒకసారి కంచి వరదరాజస్వామి గుడికి వెళ్లి బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి రండి. దోషం ఉంటే పోతుంది, మనసుకు ధైర్యం వస్తుంది.

పద్మ, పెరంబూరు:

లావణ్యా, ముందు ఈ మాట మీ ఆయనకు చదివి వినిపించు. బల్లిని తెచ్చి చేతిలో పెట్టవద్దు. నా చిన్నతనంలో మా బంధువుల అబ్బాయి ఒకడు ఆటకని నా మీదకు బల్లిని విసిరాడు. అప్పటిదాకా నాకున్నది ఏదో కొంచెం బెదురు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు దాన్ని మోశాను. ఎదుర్కోవడం అంటే నీ ఇష్టంతో, నీ వేగంతో, ఎప్పుడైనా ఆపే హక్కు నీ చేతిలో ఉంచుకుని చేసేది.

పెళ్లయి పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌కి వచ్చాను. పాత ఇల్లు, ఎత్తైన కప్పు, చెక్క కిటికీలు. క్యాలెండర్ వెనక, ఫొటోల వెనక ఎప్పుడూ బల్లులే. చివరికి ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొదట అడిగింది ఒక్కటే: "బల్లి కనిపిస్తే ఏం జరుగుతుందని మీ భయం?" మీద పడుతుంది, జాకెట్లోకి దూరుతుంది, నేను స్పృహ తప్పి పడిపోతాను అన్నాను. అదంతా కాగితం మీద రాయించారు. ప్రతిసారీ అభ్యాసం అయ్యాక దాని పక్కనే నిజంగా ఏం జరిగిందో రాయాలి. భయానికి సున్నా నుంచి వంద వరకు మార్కులు వేయాలి. ఆ కాగితాలు నా దగ్గర ఇంకా ఉన్నాయి.

మొదట పెన్సిల్‌తో గీసిన బొమ్మ. తర్వాత ఫొటో, తర్వాత శబ్దం లేని వీడియో, ఆ తర్వాత అది టిక్ టిక్ అని పలికే వీడియో. రబ్బరు బల్లిని టేబుల్ మీద పెట్టుకుని కూరగాయలు తరిగాను. ఇవన్నీ త్వరగానే అయిపోయాయి.

నాకు అసలు మేలు చేసింది కిటికీ అద్దం. రాత్రిపూట లైటు వేస్తే అద్దానికి అవతలివైపు బల్లి వచ్చి పాకుతుంది. అద్దం దాటి అది నా వైపు రావడం కుదరదని తెలుసు, అయినా మొదటి రోజు మార్కులు తొంభై దాటాయి. ఆవిడ చెప్పినట్టు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లేవాలనిపించినా లేవలేదు. కాసేపటికి భయం దానంతటదే కిందికి దిగడం మొదలైంది. అప్పుడు చూశాను దాన్ని సరిగ్గా. కాళ్ల వేళ్ల కింద మడతలు మడతలుగా ఉంటుంది, వాటి మీద కంటికి కనపడనంత సన్నటి వెంట్రుకలుంటాయట, అందుకే నున్నటి అద్దాన్ని కూడా పట్టుకుంటుంది. పొట్ట దగ్గర చర్మం ఎంత పల్చగా ఉంటుందంటే, లోపల రెండు తెల్లటి గుడ్లు కనిపించాయి. దానికి కనురెప్పలు లేవు, నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. అంతకుముందు నాకు బల్లి అంటే చటుక్కున కదిలే ఒక నీడ మాత్రమే.

అక్కడి నుంచి బల్లి ఉన్న గదిలోనే తలుపు తీసి ఉంచి కూర్చోవడం, తర్వాత తలుపు వేసుకుని కూర్చోవడం, చివరికి ట్యూబ్‌లైట్ కింద నిలబడి అన్నం వండటం. ఒక రోజు రెండు బల్లులు కొట్లాడుకుంటూ ఒకటి నిజంగానే నా భుజం మీద పడింది. నేను అరిచాను. అది నాకంటే ముందు గ్యాస్ సిలిండర్ వెనక్కి పారిపోయింది. కాగితం మీద "స్పృహ తప్పలేదు, జాకెట్లోకి దూరలేదు, కూర మాడలేదు" అని రాసుకున్నాను.

నువ్వు తలుపు కొట్టి లోపలికి వెళ్తానన్నావు చూడు, అది మెల్లగా మానెయ్యాలి. నేను చప్పట్లు కొట్టేదాన్ని. భయం తారస్థాయిలో ఉన్నప్పుడు పారిపోయినా, ఇలాంటి ఏర్పాట్లు చేసుకున్నా, వాటివల్లే గండం గడిచిందని మనసు నమ్మేస్తుంది. రాజశేఖర్ గారూ, తప్పుగా అనుకోకండి, నెమలీకలు కూడా అలాంటివే. వాటి పక్కనుంచే బల్లి పాకడం నేను చూశాను. కంచికి మాత్రం నేనూ వెళ్లాను, దేవుడి దర్శనం మంచిదే. కానీ పంచాంగంలో బల్లి ఎక్కడ పడితే ఏ ఫలితమో చూసి, తల మీద పడితే కీడని ఇంట్లో అనుకోవడం నా భయాన్ని ఎంతగా పెంచిందో నాకు తెలుసు. ఆ మాటలు పిల్లాడి చెవిన పడకుండా చూసుకో.

చైతన్య, తాంబరం:

నేను సైకాలజీ చదువుతున్నాను. పద్మ గారు చెప్పిన పద్ధతికి చాలా చరిత్ర ఉంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్న పిల్లాడి గురించి రాశారు. వాడు ఇష్టమైనవి తింటున్నప్పుడు కుందేలును కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చారు. భయంలేని పిల్లలు కుందేలుతో ఆడుకోవడం కూడా వాడికి చూపించారు. చివరికి వాడే కుందేలును నిమిరాడు. మీ బాబు విషయంలో ఇదే పనికొస్తుంది. భయం చూసి నేర్చుకున్నట్టే ధైర్యం కూడా చూసి నేర్చుకుంటారు పిల్లలు.

ఒక్క రోజులో పోతుందా అంటే, స్వీడన్‌కు చెందిన లార్స్-గోరాన్ ఓస్ట్ 1989లో ఒకే విడతలో, దాదాపు మూడు గంటల్లోపు చేసే చికిత్స గురించి రాశారు. అందులో కూడా శిక్షణ ఉన్న థెరపిస్ట్ పక్కనుంటారు, ప్రతి మెట్టుకూ మీ అనుమతి అడుగుతారు, హఠాత్తుగా ఏదీ చెయ్యరు. మీకు గుండె జబ్బు ఉన్నా, గర్భంతో ఉన్నా ముందు డాక్టర్‌ను అడగండి. ఒంటరిగా కష్టమనిపిస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యండి, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. కీల్పాక్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ కూడా ఉంది.

లావణ్య, వేళచ్చేరి:

పద్మక్కా, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. ఇంక బలవంతం చెయ్యనన్నారు. కిటికీ అద్దం మా హాల్లోనూ ఉంది, ఫొటోలతో మొదలుపెట్టి అక్కడిదాకా వస్తాను. ఒక్క సందేహం. తోక తెగి కింద పడి కొట్టుకుంటుందే, అదంటే నాకు అన్నిటికన్నా భయం. మరి దాన్నేం చెయ్యాలి? బాబుకి ఏమని చెప్పాలి?

పద్మ, పెరంబూరు:

తోకను అది కావాలనే వదిలేస్తుంది లావణ్యా. పిల్లి ఆ కదిలే తోకను చూస్తూ ఉంటే బల్లి తప్పించుకుంటుంది. కండరాలు కొన్ని నిమిషాలు అదురుతాయి, తర్వాత ఆగిపోతాయి. మళ్లీ కొత్త తోక వస్తుంది, కాకపోతే లోపల ఎముకకు బదులు మృదులాస్థి ఉంటుంది. నీ వీడియోల జాబితాలో దీన్ని చివరన పెట్టుకో. ఇంట్లో జరిగితే చీపురుతో చేటలోకి ఎత్తి బయట పారెయ్యి. చీపురుతో కొట్టి తరమడం మాత్రం మానెయ్యి, తోకలు తెగేది అలాంటప్పుడే.

బాబుతో "భయపడకు" అనవద్దు. "అదిగో పురుగును పట్టుకుంది చూడు" అను. నీ మార్కులు నలభైలోపు దిగేదాకా ఆ పని మీ ఆయనకు అప్పగించు, రాత్రి ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని చూస్తారు. నువ్వు వంటింట్లోంచి వింటూ ఉండు, అదీ నీకు ఒక మెట్టే.