స్నానం చేయించిన రెండ్రోజులకే కుక్క మళ్లీ వాసన! మీ ఇంట్లో ఎలా చేస్తున్నారు?

కాకినాడ_ల్యాబ్:
మా ల్యాబ్రడార్‌కి మూడేళ్లు. వానలు మొదలైతే చాలు, ఒంటి నుంచి ముక్కిన బియ్యం వాసన. ఆదివారం షాంపూతో రుద్ది కడిగితే మంగళవారానికి మళ్లీ మామూలే. అమ్మకి ఆ వాసన పడదు. వాడిని వరండాలో కట్టేయాలంటే నాకు మనసొప్పడం లేదు.

బ్రూనో_ఇల్లు:
ఎలా ఆరబెడుతున్నారండీ? ల్యాబ్‌కి పైబొచ్చు కింద మెత్తటి బొచ్చు ఇంకో పొర ఉంటుంది. పైకి ఆరినట్టే కనిపిస్తుంది గానీ, తోక మొదట్లో, చంకల్లో వేళ్లు పెట్టి చూడండి, చెమ్మ తగులుతుంది. వాసన పుట్టేది అక్కడే. మేం తువ్వాలుతో రుద్దం, అద్దుతాం. తర్వాత ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, డ్రయ్యర్ చల్లగాలి మీద పెట్టి, బొచ్చుకు ఎదురు దువ్వుతాం. స్నానం కంటే దీనికే ఎక్కువ టైం పడుతుంది. స్నానానికి ముందు కూడా ఒకసారి దువ్వండి. రాలిన బొచ్చు లోపలే ఉండిపోతే తడిసి ఉండ కడుతుంది.

గుంటూరు_రాణి:
మనం వాడే షాంపూ మాత్రం వద్దు. మన చర్మానికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, కుక్కలది అంతకంటే తటస్థానికి దగ్గర. కుంకుడు రసం కూడా వద్దండీ, కళ్లలో పడితే పాపం విలవిల్లాడిపోతుంది. నీళ్లు మెడ నుంచి మొదలుపెట్టి తల చివర్లో కడగండి. తల తడవగానే దులపరించడం మొదలుపెడతాయి. కాళ్ల కింద తడి గోనెసంచి వేస్తే టైల్స్ మీద జారవు, సగం భయం తగ్గుతుంది.

కాకినాడ_ల్యాబ్:
వాడేది కుక్కల షాంపూనే. ఈ మధ్య పాదాలు తెగ నాకుతున్నాడు. వేళ్ల మధ్య ఎర్రబడింది.

వైజాగ్_టామీ:
అయితే ఇది ఉత్త మురికి కాకపోవచ్చు. మా వాడికీ ఇలాగే, చెవుల్లో గోధుమరంగు గుబిలి, పొట్ట మీద జిడ్డు. డాక్టర్ గారు చర్మం మీద టేపు అంటించి తీసి, మైక్రోస్కోప్‌లో చూసి ఈస్ట్, అంటే ఒక రకం ఫంగస్ అన్నారు. మలసీజియా అంటారట. ఇది ఎప్పుడూ చర్మం మీద ఉండేదే, చెమ్మ, అలర్జీ తోడైతే విజృంభిస్తుంది. క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన షాంపూ రాసిచ్చారు. నురగ పట్టించి 10 నిమిషాలు అలాగే ఉంచాలి. వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు. ఆ కాసేపూ నాకకుండా మా అమ్మాయి కబుర్లు చెబుతూ పట్టుకుంటుంది.

బ్రూనో_ఇల్లు:
ఇంకో మాట. గోమార్లకి మెడ మీద చుక్కల మందు వేస్తుంటే, దానికి ముందూ వెనకా రెండ్రోజులు స్నానం ఆపండి. వాసన చేపల కంపులా ఉండి, వెనకభాగం నేలకేసి రుద్దుకుంటుంటే అది మలద్వారం పక్కనుండే గ్రంథులది. షాంపూతో పోదు, డాక్టర్ దగ్గర పిండించాలి.

కాకినాడ_ల్యాబ్:
చేపల కంపు లేదండీ. చెవుల్లో మాత్రం గోధుమరంగు గుబిలి ఉంది. రేపే తీసుకెళ్తాను. ఈ రాత్రి శుభ్రంగా స్నానం చేయించనా?

వైజాగ్_టామీ:
వద్దండీ, చెవులూ తుడవకండి. ఉన్నవాడిని ఉన్నట్టే తీసుకెళ్లండి. కడిగేస్తే టేపుకి అంటాల్సిందీ పోతుంది.