భర్త తెల్లకణాలు ఎక్కిస్తే అబార్షన్లు ఆగుతాయా?

గోదారిగాలి:
మా చెల్లికి మూడోది కూడా తొమ్మిదో వారంలో పోయింది. మేనరికం, బావనే చేసుకుంది. ఒక క్లినిక్‌లో ఏమన్నారంటే ఇద్దరి హెచ్‌ఎల్‌ఏ (ఇది మనది, ఇది పరాయిది అని ఇమ్యూనిటీ గుర్తుపట్టే కణాల మీది గుర్తులు) ఒకేలా ఉంది, తేడా కనపడక తల్లి ఇమ్యూనిటీ బిడ్డని కాపాడే పని మొదలుపెట్టట్లేదు, బావ రక్తంలోంచి తెల్లకణాలు తీసి తనకి ఇంజెక్షన్ చేస్తాం అని. లాజిక్ బానే ఉంది కదా?

తెల్లకోటు:
లాజిక్ బానే ఉంది, రిజల్టే లేదు. హట్టరైట్లని అమెరికాలో ఒక సమూహం, వాళ్లలో వాళ్లే చేసుకుంటారు. హెచ్‌ఎల్‌ఏ కలిసిన జంటల్లో గర్భాలు ఎక్కువ పోతున్నాయని వాళ్లలో చూపించింది కరోల్ ఓబర్ అనే జెనెటిక్స్ సైంటిస్టు. 1999లో ఈ ఇంజెక్షన్ మీద ట్రయల్ చేసిందీ ఆవిడే. ఇంజెక్షన్ వాళ్లలో 36 శాతానికి నిలిస్తే ఉత్త సెలైన్ వాళ్లలో 48! 2002లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, రీసెర్చ్ పర్మిషన్ లేకుండా చేయొద్దంది.

నిమ్మసోడా:
ఒక్క ట్రయల్‌తో తేల్చేస్తే ఎలా అండీ, తర్వాత కొన్ని మెటా అనాలసిస్‌లు (చాలా ట్రయల్స్ కలిపి లెక్కేసేవి) పనిచేస్తుందనే అన్నాయి. మా ఆఫీసులో ఒకావిడకి ఇది చేయించాకే బాబు పుట్టాడు.

తెల్లకోటు:
ఆ 48 మళ్లీ చూడండి, అది సెలైన్‌తో. మీ ఆఫీసావిడకి దేనివల్ల నిలిచిందో ఎలా చెప్తాం? అయినా తల్లి బాడీ బిడ్డ మీద యుద్ధానికి రెడీగా ఉంటుందన్న బొమ్మే పాతది. సగం పరాయిదైన బిడ్డని తల్లి ఇమ్యూనిటీ ఎందుకు తోసేయదు అని 1953లో సైంటిస్టు మెడావర్ ప్రశ్న వేసినప్పటి నుంచి చాలా తెలిసింది. మాయ బయటి కణాలు హెచ్‌ఎల్‌ఏలో ఏ, బీ రకాలు అసలు చూపించవు, జీ, సీ రకాలు చూపిస్తాయి. గర్భసంచిలో ఉండే ఎన్‌కే (నేచురల్ కిల్లర్) అనే ఇమ్యూన్ కణాలు, పేరుకి కిల్లర్లే గానీ, బిడ్డకి రక్తం వెళ్లే నాళాలు వెడల్పు అవడానికి సాయం చేస్తాయి. వేరే ఆవిడ అండంతో, అంటే డోనర్ ఎగ్‌తో వచ్చే గర్భంలో తల్లి పోలికే ఉండదు, అయినా నిలుస్తుంది, కాకపోతే బీపీ రిస్క్ ఎక్కువ.

గోదారిగాలి:
అన్నా, పోలిక లేకపోతేనే నిలుస్తోందంటే అది ఆ డాక్టర్ మాటకే సపోర్ట్ కదా?

తెల్లకోటు:
హహ, దొరికిపోయా. ఉదాహరణ తప్పు, ఒప్పుకుంటున్నా. పోలిక ఎక్కువైతే కొంత ఇబ్బంది ఉండొచ్చు, కాదనను. ఇంజెక్షన్ దాన్ని సరిచేస్తుందన్నది మాత్రం వేరే మాట, దానికి ప్రూఫ్ కావాలి. యాంటీఫాస్ఫోలిపిడ్ టెస్ట్ (రక్తం గడ్డకట్టించే యాంటీబాడీల కోసం) చేశారా? అదీ ఇమ్యూన్ సమస్యే, దానికైతే ఆస్పిరిన్, హెపారిన్ ఉన్నాయి. ఇద్దరి క్యారియోటైప్ (క్రోమోజోమ్ టెస్ట్), థైరాయిడ్, గర్భసంచి షేప్?

గోదారిగాలి:
ఫైలంతా తిరగేశా. థైరాయిడ్ ఒక్కటే ఉంది. ఇంజెక్షన్‌కి అడ్వాన్స్ మాత్రం కట్టించుకున్నారు.