10/16 సాఫ్ట్ ట్యూబ్‌ను తిన్నగా కోయడానికి ఏ కట్టర్ కొనాలి?

కంప్యూటర్ వాటర్ కూలింగ్ లూప్ కోసం ట్యూబ్ కోయాలి. లోపలి వ్యాసం 10 మి.మీ., బయట 16. ముక్కలు 5, ట్యూబ్ చివరలను బిగించి పట్టే కంప్రెషన్ ఫిట్టింగ్‌లు 10. కొన్ని ముక్కలు పీవీసీ, కొన్ని ఈపీడీఎం రబ్బరు.

కత్తెర సంగతి వదిలేయండి. అది ట్యూబ్‌ను నొక్కేసి కోస్తుంది, కోత వాలుగా వస్తుంది. చివర వాలుగా ఉంటే ఒక పక్క బార్బ్ (ట్యూబ్ లోపలికి దూరే ఫిట్టింగ్ ముక్కు) అడుగు దాకా చేరదు. కాలర్ (ట్యూబ్‌ను బయటి నుంచి నొక్కే రింగు) ఎంత బిగించినా పట్టు సమంగా పడదు, చెమ్మ అక్కడే మొదలవుతుంది.

హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే రాచెట్ పీవీసీ పైపు కట్టర్ బ్లేడు గట్టి పైపుల కోసం చేసింది, కాస్త మందం. మెత్తటి ట్యూబ్‌ను కోసేలోపే చదును చేసేస్తుందేమో. న్యూమాటిక్ (గాలి ఒత్తిడితో నడిచే పరికరాల) గొట్టాల చేతి కట్టర్‌కి బ్లేడు సన్నం, మార్చుకోవచ్చు కూడా. కానీ కొన్నిటి నోరు 12 మి.మీ.కే సరిపోతుంది. చవకైన దారి: 'వి' గాడి ఉన్న చెక్క, కొత్త యుటిలిటీ బ్లేడు.

16 మి.మీ. పట్టే సన్న బ్లేడు కట్టర్ ఏది వాడుతున్నారు? ఈపీడీఎం బ్లేడును పట్టేస్తుంది కదా, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపితే చాలా? ఎన్ని కోతలకోసారి బ్లేడు మార్చాలి?