సౌర విద్యుత్తును కుదించిన గాలిగా ఇంట్లో నిల్వ చేయవచ్చునా?

అనంతపురం శివారులోని మా ఇంటి పైకప్పు మీద 3 కిలోవాట్ల సౌర ఫలకాలు, నెట్ మీటరు ఉన్నాయి. పగలు మిగిలిన విద్యుత్తు గ్రిడ్‌కు వెళ్తుంది. అయితే సరఫరా పోగానే, లైన్ మీద పనిచేసేవారి భద్రత కోసం, ఫలకాల విద్యుత్తును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది కనుక, ఎండ మండిపోతున్నా మాకు ఫ్యాను తిరగదు. బ్యాటరీలకు బదులుగా కంప్రెసరుతో గాలిని కుదించి నిల్వ చేసి, అవసరమైనప్పుడు దానితో ఎయిర్ మోటారును, జనరేటరును తిప్పాలని ఆలోచిస్తున్నాను.

జర్మనీలోని హుంటోర్ఫ్ విద్యుత్ కేంద్రం 1978 నుంచి భూగర్భంలోని ఉప్పు గుహలలో గాలిని ఇలాగే నిల్వ చేస్తోంది. వ్యాకోచించే గాలి విపరీతంగా చల్లబడుతుంది కాబట్టి అక్కడ సహజవాయువును మండించి దానిని వేడి చేస్తారు. ఇంట్లో అది కుదరదు.

నా లెక్క ప్రకారం 500 లీటర్ల ట్యాంకులో 10 బార్ల (ఒక బార్ అంటే దాదాపు మామూలు వాతావరణ పీడనమంత) ఒత్తిడితో గాలి నింపితే, నష్టాలేవీ లేవనుకున్నా దక్కేది సుమారు 0.2 యూనిట్లే. ఇది చూసి నిజంగానే నీరుగారిపోయాను. 200 బార్ల వద్ద 50 లీటర్ల సిలిండరులో 1.2 యూనిట్ల దాకా పడుతుంది గానీ, పిల్లలు తిరిగే ఇంట్లో అంత ఒత్తిడిని ఉంచడానికి ధైర్యం చాలడం లేదు.

ఈ లెక్క సరైనదేనా? కుదించేటప్పుడు పుట్టే వేడిని స్నానపు నీళ్లకు మళ్లిస్తే మొత్తం మీద గిట్టుబాటవుతుందా? స్మార్ట్ మీటరు సూచించే ధరల వేళలనుబట్టి కంప్రెసరును నడిపే ఏర్పాటును ఎవరైనా స్వయంగా చేసి ఉంటే, అందులో ఎదురైన ఇబ్బందులతో సహా దయచేసి వివరించగలరు.